ఉరఫ్

"డియర్ ఎఫ్‌ఎన్‌యూ, మీరు టైపు చేసిన పేరు ఆ పత్రంలో పైన ఉన్న పేరు కాదు. దయచేసి సూచనలు మరొకసారి చదవండి. పత్రాలను సరిదిద్దడం మన పని కాదు." 2014 చలికాలంలో ఒక ఉదయం, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, నా పనిని సరిచూసే పరిశీలకురాలు పంపిన ఈ నాలుగు ముక్కలు చదివి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నా పని తప్పని చెప్పినందుకు ఒక బాధ. పేరు గురించి నాకు పాఠం చెప్పేవారికి నా పేరేమిటో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ.

అప్పటికి మేము చికాగో శివారులో కాపురం పెట్టి ఏడాది దాటింది. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద ఆధారపడి భార్యకిచ్చే హెచ్-4. తణుకులో ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని, ఆ వీసా మీద అప్పట్లో ఇక్కడ జీతానికి ఏ పనీ చేయకూడదు. దగ్గరి గ్రంథాలయంలో, వంశచరిత్రలు వెదికేవారి కోసం పాత పౌరసత్వ పత్రాలకు సూచిక తయారుచేసే స్వచ్ఛంద బృందం ఒకటి ఉందని తెలిసి చేరాను. తెర మీద పైభాగాన వందేళ్ళనాటి కాగితం బొమ్మ, కింద గడులు ఉంటాయి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, కోర్టు, సంపుటం, పేజీ చూసి ఆ గడుల్లో నింపాలి. ఎక్కడో ఉన్న మనవడో మునిమనవరాలో రేపు వెదికినప్పుడు దొరికేది మేము టైపు చేసిన ఆ అక్షరాలే. ఇంట్లో కూర్చుని ఉద్యోగంలాగే చేసేదాన్ని, ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం దాకా.

1906కు ముందు ఈ దేశంలో పౌరసత్వం ఇవ్వడంలో ఏ కోర్టు పద్ధతి ఆ కోర్టుదే. చాలా కాగితాల్లో మనిషి పేరు, వదులుకుంటున్న రాజు పేరు తప్ప మరేమీ ఉండవు. ఆ ఏటి చట్టంతో దేశమంతటికీ ఒకే రకం ఫారాలు వచ్చాయి. ముందు పౌరుణ్ని కాదలచుకున్నానని ఒక ప్రకటన ఇవ్వాల్సి ఉండేది. దాన్ని ఇక్కడివారు మొదటి కాగితాలు అంటారు. కనీసం రెండేళ్ళు ఆగి, ఏడేళ్ళు దాటకుండా, ఇద్దరు సాక్షులతో అర్జీ పెట్టుకోవాల్సి ఉండేది. ప్రకటనలో ఎత్తు, బరువు, జుట్టు రంగు, కళ్ళ రంగు, పుట్టుమచ్చలు, ఎక్కిన ఓడ, దిగిన రేవు అన్నీ ఉంటాయి. నేను అరాచకవాదిని కాను, బహుభార్యత్వాన్ని నమ్మేవాడిని కాను అన్న ప్రమాణం ముందే అచ్చయి ఉంటుంది.

వివాదానికి కారణమైన పత్రం ఒక పోలిష్ కూలీది. కుడిచేతి చూపుడువేలు సగం లేదని గుర్తుల గడిలో ఉంది. పైన గుమాస్తా టైపు చేసిన పేరు ఆల్బర్ట్ నోవాక్. కింద సంతకం మాత్రం వోయ్‌చెఖ్ నోవాక్, ఇంటిపేరు మధ్య వి బదులు డబ్ల్యూతో. ఒక్కో అక్షరం విడివిడిగా, కలం నొక్కి నొక్కి రాసినట్టుంది. చివరి అక్షరం దగ్గర సిరా ఊరి చిన్న మచ్చ కట్టింది. పోలండ్ నుంచి వచ్చిన వోయ్‌చెఖ్‌లు ఇక్కడ ఆల్బర్ట్‌లు కావడం ఆనాడు మామూలే. కానీ సగం వేలున్న చేతితో ఆ మనిషి స్వయంగా రాసుకున్న పేరును కాదని, గుమాస్తా కొట్టిన పేరును నేనెందుకు నమ్మాలి? సంతకంలో ఉన్నదే గడిలో నింపాను.

నా పట్టుదలకు మరో మూలం కూడా ఉంది. మా నాన్నగారు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట నలభై ఏళ్ళు దస్తావేజు లేఖరిగా పనిచేశారు. ఆయన చేతిలో మనిషికి రెండు పేర్లుంటే ఏ పేరూ పోయేది కాదు. ఇంట్లో బుల్లెమ్మ, పట్టాలో సుబ్బలక్ష్మి అయిన ముసలమ్మ వచ్చి వేలిముద్ర వేస్తే, "బుల్లెమ్మ ఉరఫ్ సుబ్బలక్ష్మి" అని రాసేవారు. తప్పు పడితే చెరిపేవారు కాదు. అడ్డంగా కొట్టి, పైన దిద్ది, ఫలానా పంక్తిలో ఫలానా కొట్టివేత అని చివర ఎత్తి రాసి సంతకాలు పెట్టించేవారు. చదవగలిగేలా కొట్టాలి అనేవారు. ఆ కాగితాల మధ్య పెరిగిన నాకు, ఒకే పేరుకు చోటిచ్చే గడి పేదరాలి ఇల్లులా కనిపించింది. ఇంత పెద్ద దేశంలో ఉరఫ్ అనే ఒక్క మాటకు చోటు లేదా అని ఆ రోజంతా మావారితో వాదించాను.

ఇక నా పేరు సంగతి. పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన ఏజెంటు ఇంటిపేరు, సత్యవతి రెండూ కలిపి సర్‌నేమ్ గడిలో వేసి, రెండో గడి ఖాళీగా వదిలాడు. ఇలా వచ్చినవాళ్ళకు వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది. బ్యాంకు కార్డు మీద, గ్రంథాలయం కార్డు మీద, ఆ కార్డుతో తెరిచిన ఈ ఖాతా మీద నేను ఎఫ్‌ఎన్‌యూనే. మన ఊళ్ళో అయితే ఇంటిపేరు ముందున్నా వెనకున్నా మనిషి మారదు, ఎవరి అమ్మాయివని అడిగితే సరిపోతుంది.

మరునాడు ఇదంతా పెద్ద ఉత్తరంగా రాశాను, కొంచెం కోపంగానే. రెండు రోజులకు జవాబు వచ్చింది. "డియర్ సత్యవతి" అని మొదలైంది. ఆ పరిశీలకురాలు పాఠశాల నుంచి రిటైరైన పెద్దావిడ. నన్ను క్షమించమని అడిగి, తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మనం చేసేది ఆ మనిషి కథ కాదు, ఆ కాగితానికి దారి అన్నారు. కోర్టు గుమాస్తా తన పుస్తకంలో ఆల్బర్ట్ అనే ఎక్కించాడు కాబట్టి, ఆ పేరుతోనే అడిగితేనే సంపుటం బయటికి వస్తుంది. ఇంటిపేర్లను వినబడే తీరును బట్టి వర్గాలు చేసే సౌండెక్స్ కార్డుల సంగతి కూడా రాశారు. ఆ పద్ధతిలో ఇంటిపేరు మొదటి అక్షరం ఉంచి తక్కిన హల్లులకు అంకెలు వేస్తారు. వి కి ఒకటి అంకె ఉంది, డబ్ల్యూకి ఏ అంకే లేదు. నోవాక్‌ను వి తో రాస్తే ఎన్-120, డబ్ల్యూతో రాస్తే ఎన్-200. ఒక తండ్రి బిడ్డలే, గుమాస్తా చెవిని బట్టి రెండు సొరుగుల్లోకి పోతారు. నేను ప్రేమతో దిద్దిన పేరు ఆ కార్డును తన సొరుగులోంచి తీసి, ఎవరూ వెదకని చోట పెట్టినట్టవుతుంది.

ఆ మాట నాకు నచ్చలేదు, కానీ కాదనలేకపోయాను. మనవాళ్ళ విషయంలోనే చూడండి. ఈ కట్టల్లో తెలుగు పేరు కోసం వెదికి అలసిపోయాను. దొరకదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు, తెరిచాక కూడా వలసకు ఏడాదికి వందమందే. మన పేర్లు ఉన్నది మరో రకం పుస్తకాల్లో. 1860 నవంబరు 16న ఒప్పంద కూలీలతో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తరువాత నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిన వేలమంది జాబితాల్లో మనవాళ్ళ పేర్లు, తండ్రి పేర్లు, ఊళ్ళ పేర్లు దొరల చెవికి ఎలా వినబడితే అలా ఉన్నాయి. ఆ వంకర స్పెల్లింగే నేడు డర్బన్‌లో ఉన్న మనవడి చేతిలో మిగిలిన ఒకే ఆనవాలు. దాన్ని నాలాంటి చదువుకున్నావిడ ఎవరో సరిచేసి ఉంటే అతని చేతిలోని కాగితానికీ పుస్తకానికీ పొత్తు కుదరదు.

అయినా గుమాస్తా మీద నా కోపం తగ్గడానికి ఇంకో నెల పట్టింది. న్యూయార్క్ రేవులో వలస వచ్చేవారిని తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో అధికారులే పేర్లు మార్చారని ఇక్కడ చాలామంది నమ్ముతారు. నిజానికి ఆ జాబితాలు ఓడ ఎక్కే రేవులోనే ఓడ కంపెనీవాళ్ళు రాసినవి, ఇక్కడివారు వాటిని సరిచూసుకునేవారు, అంతే. పేర్లు తరువాత, పనిలో, వీధిలో, కోర్టులో మారాయి. చాలాసార్లు మార్చుకున్నది ఆ మనుషులే. ఫిబ్రవరిలో నాకు వచ్చిన అర్జీల కట్టలో అదే నోవాక్ కనబడ్డాడు. పుట్టిన తేదీ అదే, ఓడ అదే. ప్రకటన ఇచ్చిన నాలుగేళ్ళకు పెట్టిన అర్జీ అది. కింద సంతకం ఆల్బర్ట్ నోవాక్, వి తోనే, ఎక్కడా సిరా ఊరకుండా ఒక్క ఊపులో రాసింది. ఆ నాలుగేళ్ళలో ఎవరు అతన్ని ఆ పేరుతో పిలిచారో, ఎన్నిసార్లు కాగితం మీద రాసి నేర్చుకున్నాడో నాకు తెలియదు. నేను కాపాడాననుకున్న పేరును అతను తన చేత్తోనే పక్కన పెట్టాడు. ఆ రోజు ఇంక పని చేయలేదు.

అతని భార్య పేరు అర్జీలో ఒక పంక్తిలో ఉంది. మా గడుల్లో భార్యకు చోటు లేదు. 1922 సెప్టెంబరుకు ముందు భర్త పౌరుడైతే భార్య తన పేరున ఏ కాగితమూ లేకుండానే పౌరురాలయ్యేది కాబట్టి, అలాంటి ఆడవాళ్ళకు ఈ రికార్డుల్లో ఆ ఒక్క పంక్తే దిక్కు. డిపెండెంట్ అని రాసి ఉన్న వీసా మీద బతుకుతున్న నేను ఆ పంక్తిని ఎన్నిసార్లు చదివానో. ఈ విషయంలో మాత్రం నేను తగ్గలేదు. భార్యకో గడి కావాలని పెద్దావిడకు రాశాను. తరువాతి విడతలో చేర్చారు.

2015 మే నెలాఖరున హెచ్-4 వాళ్ళలో కొందరికి పనిచేసే అనుమతి వచ్చింది. నాకూ ఉద్యోగం దొరికింది. సూచిక పని శనివారాలకు మారింది, కానీ మానలేదు. పేరు కనబడినట్టే టైపు చేస్తాను. సంతకం వేరేగా ఉంటే నా సొంత నోటుపుస్తకంలో ఉరఫ్ అని రాసుకుంటాను.

మొన్న ఆదివారం నా పౌరసత్వ దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. ఎన్-400 ఫారంలో, చట్టప్రకారం పేరు మార్చుకోదలచారా అని ఒక ప్రశ్న ఉంది. మావారు పక్కన కూర్చుని, మీ ఇంటిపేరా మా ఇంటిపేరా అని అడిగారు. పాస్‌పోర్టులో ఉన్నది నాన్నగారిదే, అదే ఉండనీయండి అన్నాను. మొదటి పేరు గడిలో సత్యవతి అని నింపాను. అక్కడే, పుట్టినప్పటి నుంచి మీరు వాడిన ఇతర పేర్లు రాయండి అంటూ మరో గడి ఉంది. ఇంతకాలం ఈ దేశంలో లేదని నేను వాదించిన గడి అది. అందులో ఎఫ్‌ఎన్‌యూ అని, కార్డు మీద ఉన్నది ఉన్నట్టే, మూడు అక్షరాలు పెద్దబడిలో టైపు చేశాను.