‘ఆసామి గారికి’ వచ్చిన ఉత్తరం: డబ్బింగ్ మాటలు రాసిన నా అనుభవం

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ జీవితం మీద విదేశంలో తీసిన నాలుగు భాగాల టెలివిజన్ డాక్యుడ్రామాకు తెలుగు మాటలు రాసే పని నిన్న రాత్రితో ముగిసింది. ఇరవై రెండేళ్ళు ఇంటర్ విద్యార్థులకు చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఇది మొదటి స్క్రిప్టు. ఈ పనిలోకి రావాలనుకునే భాషాభిమానులకు పనికి వస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

పని దొరకడం కష్టం కాలేదు. పది నిమిషాల నమూనా రాసి పంపాను, వారంలో ఒప్పందం మీద సంతకం చేశాను. చరిత్రకారులు కుర్చీలో కూర్చుని మాట్లాడే భాగాలు తేలిక; వెనుక ఇంగ్లీషు సన్నగా వినిపిస్తుంటే పైన తెలుగు గొంతు నడుస్తుంది కనుక నిడివి సరిపోతే చాలు. నటులు మాట్లాడే దృశ్యాలలో మాత్రం తెరమీద పెదవులు మూసుకున్న చోట మనకూ ప, బ, మ వంటి అక్షరం పడాలి. ఆనాటి అమెరికా వలసల ప్రతినిధులు కూడిన సభ పేరు ‘కాంగ్రెస్’; ఆ మాట అనగానే మన ప్రేక్షకుడికి పార్టీ గుర్తుకు వస్తుంది. ‘ప్రతినిధుల సభ’ అందామంటే 1789 తరువాత ఆ దేశంలో ఆ పేరుతో వేరే సభ ఉంది. అందుచేత 1776 నాటి సభను ‘వలసల మహాసభ’ అన్నాను. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అభ్యంతరం వచ్చినది ఒక్క ఉత్తరం దగ్గర. 1776 జులైలో, స్వాతంత్ర్య ప్రకటన వెలువడి పది రోజులైనా గడిచీ గడవకముందు, న్యూయార్క్ రేవులో దిగిన బ్రిటిష్ నౌకాదళాధిపతి రిచర్డ్ హౌ రాజీ మాటల కోసం, అప్పటికి తిరుగుబాటు సైన్యానికి సేనాధిపతిగా ఉన్న వాషింగ్టన్‌కు ఒక ఉత్తరం పంపాడు. దాని మీద ‘జనరల్’ అని లేదు. ‘జార్జి వాషింగ్టన్, ఎస్క్వైర్’ అని, అంటే హోదా లేని పెద్దమనిషికి రాసినట్టుగా ఉంది. సేనాధిపతి అని రాస్తే తిరుగుబాటుదారుల సైన్యాన్ని సైన్యంగా ఒప్పుకున్నట్టు అవుతుంది, అది బ్రిటిష్ వారికి ఇష్టం లేదు. ఆ పేరు గల మనిషి తమ సైన్యంలో లేడని చెప్పి, వాషింగ్టన్ అనుచరుడు జోసెఫ్ రీడ్ ఉత్తరాన్ని పడవలోనే తిప్పి పంపాడు. ఇంకా రాజ్యంగా నిలబడని ఒక దేశం తన మర్యాదను నిలబెట్టుకున్న ఈ సన్నివేశం మొత్తం డాక్యుడ్రామాకు ప్రాణమని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఎస్క్వైర్‌కు తెలుగు ఏమిటి? ‘శ్రీ జార్జి వాషింగ్టన్ గారికి’ అంటే మనకు అది నిండు మర్యాద. పాత ఉత్తరాలలోని ‘మహారాజశ్రీ’ అంటే మరీ ఎక్కువ మర్యాద. భూమీ పుట్రా ఉన్న పెద్దమనిషే గానీ హోదా ఏమీ లేదని వినపడాలి. నాలుగు రోజులు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో నిఘంటువుల ముందు కూర్చున్న తరువాత, మా ఊళ్ళో చిన్నప్పుడు రోజూ విన్న ‘ఆసామి’ గుర్తుకు వచ్చింది. ‘జార్జి వాషింగ్టన్ ఆసామి గారికి’ అని రాసినప్పుడు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

యూసుఫ్‌గూడ వైపు ఒక స్టూడియోలో రికార్డింగ్ పెట్టారు. ఛానెల్ తరఫున భాషను సరిచూడటానికి వచ్చిన యువకుడు ఆ పంక్తిని ఐదుగురు డబ్బింగ్ కళాకారుల ముందు రాగం తీస్తూ చదివి, “మేడమ్, ఆసామి అంటే ఎవడో ఒకడని కదా? అమెరికా జాతిపితను ఇలా అంటారా? మీ పాఠాలు వేరు, మా పని వేరు” అన్నాడు. ఎవడో ఒకడన్న ఛాయ కూడా ఆ ఉత్తరం ఉద్దేశంలో ఉన్నదేనని చెప్పబోతే, సమయం లేదని కాగితం మీద ఎర్ర గీత గీసి ‘శ్రీ’ అని రాసుకున్నాడు. నన్ను బయట కూర్చోమన్నారు. నా విద్యార్థుల వయసు వాళ్ళ ముందు, నేను రాసిన మాటల గురించి నన్నే నోరు తెరవనివ్వకుండా, రెండు గంటలు చెప్పుల స్టాండు పక్కన కూర్చోబెట్టారు. తెలుగు చదివిన మనిషికి తెలుగు పని దగ్గర ఈ గతి పట్టడం మంచిది కాదు. మాట బాగా లేదంటే కొట్టివేయవచ్చు, కాని కొట్టివేసే ముందు రాసినవారిని కారణం అడగడం కనీస ధర్మం.

తలుపు తెరిచింది రీడ్ పాత్రకు గొంతు ఇస్తున్న పెద్దాయన. “ఇంత మర్యాదగా రాసిన ఉత్తరాన్ని నేను ఎందుకు తిరగ్గొడుతున్నానమ్మా? అది తెలియక గొంతులో కోపం రావడం లేదు” అని నన్ను అడిగారు. లోపలికి వెళ్ళి అందరికీ చెప్పాను. ఆ తరువాతి దృశ్యం నాకు అండగా నిలిచింది. రెండోసారి వచ్చిన ఉత్తరం మీద పేరు తరువాత ‘వగైరా, వగైరా’ అని చేర్చారు, దాన్నీ తీసుకోలేదు. జులై 20న వచ్చిన బ్రిటిష్ దూత కర్నల్ ప్యాటర్సన్, వగైరాలో రావలసినవన్నీ ఉన్నట్టేనని సర్దిచెప్పబోతే, అందులో ఏదైనా ఉండవచ్చునని వాషింగ్టన్ బదులిచ్చాడు. మొదటి ఉత్తరంలో లోటు వినపడకపోతే ఈ వగైరాకు అర్థమే లేదు. సౌండ్ ఇంజనీర్ రెండు విధాలుగా రికార్డు చేసి వినిపించాడు. ‘ఆసామి’ నిలిచింది. ఆ యువకుడు ఒక్క మాటా అనలేదు, క్షమాపణా చెప్పలేదు.

ఇంకొక చోట మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. యుద్ధమంతా వెంట ఉన్న సేవకుడు విలియం లీని వాషింగ్టన్ ‘మీరు’ అని పిలిస్తే నాయకుడు ఉదారంగా కనిపిస్తాడని సూచించారు. లీ ఆయన కొనుక్కున్న బానిస. తన 123 మంది బానిసలకు విముక్తి రాసిన వీలునామాలో, వెంటనే స్వేచ్ఛ పొందవలసినవాడిగా పేర్కొన్నది లీ ఒక్కడినే. అంతవరకు అతను ఆ ఇంటి సొత్తే. ‘నువ్వు’ అనే రాశాను, అలాగే ఉంచాను.

ఈ పనికి వచ్చేవారు లిప్ సింక్, అంటే పెదవుల కదలికకు మాట కలపడం, నేర్చుకోకపోయినా ఫరవాలేదు, రెండు వారాల్లో అదే వస్తుంది. రికార్డింగ్ రోజున లోపల కూర్చునే హక్కును మాత్రం ఒప్పందంలో రాయించుకోండి. కీలకమైన మాటకు కారణాన్ని స్క్రిప్టు అంచునే రాసిపెట్టండి. నేను రాసి ఉంటే ఆ ఎర్ర గీత పడేది కాదేమో. పారితోషికంలో పది శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పోతుంది, దాని గురించి వాదించి లాభం లేదు. పేరు గురించి వాదించండి. నా ఒప్పందంలో టైటిల్స్‌లో పేరు వేసే సంగతే లేదు. ‘తెలుగు మాటలు’ అని నా పూర్తి పేరుతో వేస్తామని రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు చివరి భాగం నా దగ్గరే ఉంచాను. జవాబు నిన్న సాయంత్రం ఏడింటికి వచ్చింది, స్క్రిప్టు ఏడున్నరకు పంపాను.