బుడమేరులో మునిగిన 407, చెక్క బాడీ, నా ఏడాదిన్నర

మా బాబాయి టాటా 407 చిన్న లారీ విజయవాడ పక్కన కానూరులో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలోకి వచ్చి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ వెనక డోరు బిగించలేదు. అయినా దారినపోయేవాళ్ళు ఆగి చూసి, చెక్క మీద చెయ్యేసి నిమిరి మరీ పోతున్నారు, సరే ఈ కథేదో రాద్దామనిపించింది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఊరంతా ప్రకాశం బ్యారేజీ వైపు చూస్తోంది, అక్కడ మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది మరి. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం కృష్ణ కాదు, వెనకనించి వచ్చిన బుడమేరు వాగు. బాబాయి వాళ్ళు మేడ మీద, బండి సందు చివర స్టీరింగ్ దాకా నీళ్ళల్లో. నీళ్ళు తీశాక చూస్తే వెనక సామాను వేసే తొట్టిలో వేలు మందాన బురద, సీటు కింద చచ్చిన చేపలు. పాత ఇనుము కొనే ఆయన వచ్చి కిలో లెక్కన రేటు చెప్పాడు. 1991 మోడల్, బాబాయి పిల్లల చదువులు మొత్తం దాని మీదే అయినయ్యి, ఆయన ఏం మాట్లాడకుండా లోపలికి పోయాడు. నేనేమో ఉండబట్టలేక "నాకివ్వు బాబాయ్, నేను చేయిస్తా" అన్నా. చేయిస్తా అన్నాను గానీ చేస్తా అనలేదు, అది తర్వాత అర్థమైంది.

ఒక్క మంచిపని ఏంటంటే ఎవరూ సెల్ఫ్ కొట్టలేదు. పక్క సందులో ఒకాయన ఆత్రపడి కొట్టాడు, కనెక్టింగ్ రాడ్డు వంగి కూర్చుంది. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు గాలిలాగా అవి నొక్కుకోవు కదా, ఎక్కడో చోట ఇనుమే వంగాలి. ఈ ఇంజన్ పేరు 497, అంటే నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని లోపలి వెడల్పు (బోరు) 97 మిల్లీమీటర్లు. నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, ముందు పుల్లీ నట్టుకి పానా వేసి చేత్తో మెల్లిగా తిప్పితే రంధ్రాల్లోంచి బురదనీళ్ళు ఎగజిమ్మి నా చొక్కా ఖరాబు అయింది. ఇంజనాయిలు పాలెక్కువైన టీ రంగులో వచ్చింది. రెండుసార్లు ఆయిలు మార్చి, గేర్‌బాక్సు, బ్రేకు డ్రమ్ములు, డైనమో అన్నీ విప్పి కడిగాం, డిసెంబరుకల్లా స్టార్టయింది. 1986లో వచ్చిన డిజైను, ఏ సామానైనా ఆటోనగర్‌లో దొరుకుద్ది, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అసలు సంగతి చెక్క. వరదకి కుళ్ళిపోయిందనుకున్నా. ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీ బాడీలు కట్టిన మేస్త్రి ఒకాయన్ని బతిమాలి తీసుకొచ్చా. ఆయన కింద దూరి స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోయాడు. పలక మధ్యలో పొడిస్తే టక్‌మని రాయిలా ఉంది, పలక వెళ్ళి అడ్డ దూలం మీద కూర్చునే చోట మాత్రం మాగిన సపోటాలో దిగినట్టు దిగింది. "ఇది అయిదు రోజుల వరద పని కాదు బాబూ, ఇరవై ఏళ్ళ పని. పైన పడ్డ నీళ్ళు చెక్కనేం చెయ్యవు, ఈ సందులో నిలబడ్డ నీళ్ళే తినేస్తయ్యి" అన్నాడు.

బోల్టులు పీకితే ప్రతి బెజ్జం చుట్టూ సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. అది నిజంగా సిరానే అంట! పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకునేవాళ్ళు కదా, కరక్కాయలో ఉండే వగరు, అన్నభేదిలో ఉండే ఇనుము కలిస్తే నలుపు. మా బండి దూలాలు నల్లమద్ది, కరక్కాయ చెట్టుకి దగ్గర చుట్టం, దాంట్లోనూ అదే వగరు. తడి తగిలితే బోల్టు తుప్పు పడుద్ది, ఆ తుప్పు చుట్టూ ఉన్న చెక్కని పిండి చేస్తది, చెక్క వదులైతే ఇంకా నీళ్ళు దిగుతయ్యి. అందుకని ఈసారి జింకు పూత బోల్టులు వేశాం, ప్రతి బెజ్జం లోపలా పలకల కొసలకీ అవిసెనూనె తాగినంత తాగించాం. పలకకీ పలకకీ మధ్య రూపాయి బిళ్ళ పట్టేంత సందు. నాకు అతికినట్టు ఉండాలని ఆశ, ఆయన ఒప్పుకోలేదు, నీళ్ళు నిలవకుండా కిందకి కారిపోవాలంట.

ఇంకో గొడవ కూడా అయింది. ఈ చెక్క బాధంతా ఎందుకు, ఇనప బాడీ వెల్డింగ్ చేయించేద్దాం అన్నాన్నేను. "గుంటలో చక్రం పడితే షాసీ, అదే బండి అడుగు ఇనప చట్రం, మెలి తిరుగుద్ది. చెక్క దాంతోపాటు ఊగుద్ది. ఇనపదైతే వెల్డింగ్ కాడ చీలుద్ది" అన్నాడు. షాసీ పైఅంచుకి బెజ్జం కూడా వెయ్యనివ్వలేదు, అక్కడ తొలిస్తే బీట మొదలయ్యేది అక్కణ్ణించేనంట, మొత్తం యూ బోల్టులతోనే బిగించాం.

రాత్రిళ్ళు యూట్యూబ్‌లో చూస్తే ఇదే గోల ఇంగ్లాండులోనూ ఉంది. మోరిస్ మైనర్ ట్రావెలర్ అని 1953 నించి 1971 దాకా చేసిన కారు, వెనక సగం యాష్ చెక్క ఫ్రేము. సోకు కోసం కాదు, బాడీని మోసేదే అది, చెక్క కుళ్ళితే అక్కడి బండ్ల ఫిట్‌నెస్ టెస్టులో ఫెయిల్ చేసేవాళ్ళు. కుళ్ళేది కూడా అద్దాల కింద నీళ్ళు నిలిచే చోటే. ఫోర్డ్ వాళ్ళయితే 1920ల్లో కార్ల చెక్కలో మిగిలిన ముక్కలతో బొగ్గు బిళ్ళలు చేసి అమ్ముకున్నారు. మా ముక్కలు అమ్మ వేడినీళ్ళ పొయ్యిలోకి పోయినయ్యి. తర్వాత అమెరికావాళ్ళు చెక్క మానేసి చెక్కలా కనపడే స్టిక్కరు అంటించారు, అది చూస్తే మాత్రం నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మన లారీలకి ఇప్పుడు జరుగుతోంది కూడా అదే, చేత్తో వేసే నెమలీ తామరపువ్వూ పోయి ప్రింటు స్టిక్కర్లు. నేను పంతానికి చేత్తోనే రాయించా, ఆర్టిస్టు పెద్దాయన "శ్రీ కనకదుర్గమ్మ" రాయడానికి సగం పూట తీసుకున్నాడు, గీత కోసం సుద్దదారం ఒక్కసారే కొట్టాడు.

తొట్టి ఒక అడుగు పొడుగు పెంచుదామనే ఆలోచన కూడా ఉండేది. ఆర్సీలో ఉన్న కొలతలు మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి వస్తది, బ్రేక్ ఇనస్పెక్టర్ టేపు పెట్టి కొలుస్తాడు, మానుకున్నా. నా సరదా అంతా క్యాబిన్ లోపలే తీర్చుకున్నా, డ్యాష్‌బోర్డు మీద పాత తలుపు టేకు పలక ఒకటి, గ్లాసు పెట్టుకోవడానికి గుంట తొలిచి.

మొన్న ఆదివారం తొట్టిలో పైపు వదిలి కింద పడుకుని చూశా. నీళ్ళు సందుల్లోంచి వరసలు వరసలుగా కారినయ్యి, ఎడమ వెనక మూల మాత్రం అరచెయ్యంత మడుగు నిలబడింది. ఆ పలక మళ్ళీ విప్పాలి. బాబాయి పక్కనే కుర్చీలో కూర్చుని "నున్న మామిడి మార్కెట్‌కి కాయ వచ్చేస్తందిరా, ఆ డోరు సంగతి చూడు" అంటున్నాడు, నేను మేస్త్రికి ఫోన్ చేస్తున్నా, ఆయన ఎత్తట్లేదు.