ఒక్కో మెట్టుకీ ఒక బొట్టు

మొన్ననే తిరుమల నడిచి ఎక్కి వచ్చా, పిక్కల నొప్పులు ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాసేయాలనిపించింది.

రోజూ పొద్దున్నే 10 కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి, బీపీ లేదు షుగర్ లేదు, అలాంటిది ఓ రోజు పరుగు ఆపి కూర్చున్నా గుండె దడ తగ్గలేదు, అదీ ఒక వరసలో కాదు, నాలుగు గబగబా కొట్టుకుని ఒకటి తప్పినట్టు. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయట, అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి వెళ్తే పక్షవాతమేనట. ఏళ్ళ తరబడి విపరీతంగా పరిగెత్తేవాళ్ళకీ ఇది వస్తుందని అప్పుడే తెలిసింది. మందులకి లొంగలేదు, తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండెదాకా వైరు పంపి, దడ పుట్టించే చోట్లని కాల్చేసే అబ్లేషన్ చేశారు. ఆ బల్ల మీదే మొక్కుకున్నా, కుదుటపడితే అలిపిరి నుంచి నడిచొస్తా స్వామీ అని. తర్వాత మూడు నెలల్లోనూ రెండుసార్లు దడ వచ్చింది, లోపల గాయం మానేదాకా మామూలే అన్నారు గానీ ఆ రాత్రుళ్ళు నాకే తెలుసు.

మాట్లాడుతూ ఎక్కగలిగినంత మెల్లగా ఎక్కమని డాక్టరుగారు పంపారు. 3550 మెట్లు! వెనకనుంచి కుర్రాళ్ళు గోవిందా అంటూ తోసుకుంటూ పరుగులు, భక్తి ఉండాలి గానీ పక్కనున్న మనిషిని చూడొద్దా? మోకాళ్ళ మెట్టు దగ్గర ఎవరిదో తోపుకి బొటనవేలు మెట్టుకి కొట్టుకుని చిట్లింది. రక్తం పల్చబడే మందు ఇంకా వేసుకుంటున్నా కదా, ఆగదే! మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ వస్తున్న ఒక పెద్దావిడ చూసి, కొంగు చివర చించి గట్టిగా అదిమి పట్టుకుంది, పది నిమిషాలు వదల్లేదు. మందు సంగతి చెప్తే "ఉరకలెందుకు నాయనా, నాతో రా" అంది. ఆవిడ వంగి బొట్టు పెట్టాక నేనో మెట్టు ఎక్కడం, పైదాకా అంతే. ఎన్నాళ్ళకో మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకోకుండా నడిచా.

క్యూలో గంటలు గంటలు, ఊపిరాడలేదు. లోపల జరగండి జరగండి అని నెట్టేస్తుంటే, ఆ దీపాల వెలుగులో నామం, కింద సగం కనబడే కళ్ళు, ఒక్క క్షణం. నా కోసం ఏమీ అడగలేదు, గుర్తు రాలేదు.

ఆవిడ ఇచ్చిన కుంకుమ పొట్లం ఇప్పుడు నా మాత్రల డబ్బాలోనే ఉంది. రాత్రి మాత్రకి మూత తీస్తే ముందు అదే కనబడుతోంది.