కార్ట్‌లో నాలుగు టికెట్లు

పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ ఆఖరి పేజీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

పొద్దున పది గంటలకు ఇళయరాజా కచేరీ టికెట్లు ఇస్తారని తొమ్మిదిన్నరకే ఫోను పట్టుకుని కూర్చున్నాను. పది కొట్టగానే నా ముందు 14,312 మంది ఉన్నారని చూపించింది. నలభై నిమిషాలు ఆగితే లోపలికి రానిచ్చింది. అప్పటికే 1,200 రూపాయల టికెట్లు అయిపోయాయి. మిగిలిన వాటిలో చవకది 2,500. నలుగురికి 10,000. సరేలే అని నొక్కాను. ఆఖరి పేజీలో జీఎస్టీ 1,800, కన్వీనియన్స్ ఫీజు 800, ఆ ఫీజు మీద మళ్ళీ జీఎస్టీ 144. మొత్తం 12,744.

ఎవరి కన్వీనియన్స్? క్యూలో కూర్చుంది నేను, సీటు వెతుక్కుంది నేను. కనీసం దాచుకోవడానికి కాగితం టికెట్ కూడా ఇవ్వరు. కూరగాయల కొట్లో కిలో నలభై అని చెప్పి, సంచిలో పోశాక యాభై అంటే ఊరుకుంటామా? టికెట్ 500 లోపు ఉంటే జీఎస్టీయే లేదు, దాటితేనే 18 శాతం. అంటే 500 టికెట్ అనేది ఒకటి ఉంటుందని ఆ రూలు రాసినవాళ్ళకైనా తోచింది.

సీట్ల మ్యాపులో వేదిక దగ్గరి గడులన్నీ ఎరుపు. సోఫాలట, 25,000. మా గడి అన్నిటికంటే వెనక. అక్కడి నుంచి మనుషులు కనబడరు, తెర మీద చూసుకోవాలి.

రాజమండ్రి దేవీచౌక్ దసరా గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న సైకిలు మీద తీసుకెళ్ళి, గోనెసంచి పరిచి, సరిగ్గా ఆర్కెస్ట్రా ముందు కూర్చోబెట్టారు. వేణువు వాయించే ఆయన నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. పక్కన గుడ్డసంచిలో ఏడెనిమిది వేణువులు. పాట మారినప్పుడల్లా ఒకటి తీసి, తువ్వాలుతో తుడిచి, ఊదకుండా వేళ్ళు మాత్రం కదుపుతూ రాబోయే వేణువు బిట్ నెమరేసుకునేవాడు. ఇళయరాజా పాట మొదలైంది. చరణం ముందు బిట్ దగ్గర పడగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. నాన్న నా భుజం నొక్కి, "ఇదిగో, ఇప్పుడు విను" అన్నారు. ఇప్పటికీ ఆ బిట్ ఎక్కడ విన్నా నా కుడి భుజానికి తెలుస్తుంది.

ఇంతదాకా రాశాక ఇంకోటి తోచింది. ఆ రాత్రి మేం పైసా ఇవ్వలేదు. బజారు కొట్లవాళ్ళు వేసుకున్న చందాల్లోంచి ఆ వేణువాయనకు ఎంత ముట్టిందో. తర్వాత నాన్న క్యాసెట్ల కొట్లో తెల్లకాగితం మీద పాటల జాబితా రాసిచ్చి, తొంభై నిమిషాల సి-90 క్యాసెట్లో ఎక్కించుకొచ్చేవారు. ఆ డబ్బు కొట్టతనికే, పాట చేసినవాళ్ళకు రూపాయి వెళ్ళలేదు. నా చిన్నతనమంతా అలా ఊరికే విన్నాను. ఇప్పుడు వేదిక మీద అంతమంది వయొలిన్లవాళ్ళు, కోరస్ వాళ్ళు, వాళ్ళ ప్రయాణాలు, రిహార్సల్స్. 2,500 ఎక్కువ అనడానికి నోరు రావడం లేదు. టికెట్ మీద పొద్దుటి కోపం తగ్గింది. ఫీజూ, దాని మీది జీఎస్టీ కలిపి ఆ 944 మీద మాత్రం తగ్గలేదు. అందులోంచి వేణువాయనకు ఏమీ వెళ్ళదు. ఇంకో బాధ కూడా ఉంది. మా చిన్నది ఆ వేళ్ళు దగ్గర నుంచి చూడాలంటే 25,000 కావాలి.

పొద్దున మా ఆయనకు ఫోన్ చేస్తే "కొనెయ్, మళ్ళీ ఎప్పుడు వస్తారో" అన్నారు. ఆలోచించుకునేలోపు కార్ట్ గడువు అయిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటింది.

సాయంత్రం చిన్నది స్నానం చేస్తూ అదే బిట్ కూనిరాగం తీసింది, చివర విరుపుతో సహా. ఎక్కడ నేర్చుకుందో అడగలేదు.

ఇప్పుడే మళ్ళీ తెరిచి చూశాను. 2,500వి ఇంకా ఉన్నాయి. రెండు తీసుకున్నాను, నాకూ దానికీ. 6,372. మా ఆయనకు పొద్దున చెప్పాలి.