కింది దవడ ముందుకుంటే: ఆపరేషన్ లేకుండా ఎంతవరకు? – నా అనుభవం

నాది పళ్ళ డాక్టర్లు క్లాస్ త్రీ అనే రకం. నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళకు ముందు పడతాయి, అదే ఎదురుకాటు. ఒక డాక్టరు దవడ ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు క్లిప్పులతోనే సరిచేస్తామన్నారు. ఇద్దరి మాటా తీసిపారేసేది కాదు. చిక్కల్లా, ఈ రెండు దారుల్లో పళ్ళు కదిలే దిశ ఎదురెదురుగా ఉంటుంది. ఆపరేషన్‌కైతే ముందు కింది పళ్ళను వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు, కొన్నాళ్ళు ఎదురుకాటు ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. క్లిప్పులతో సర్దే పద్ధతిలో, అంటే కామఫ్లాజ్‌లో, కింది పళ్ళను వెనక్కి వాల్చి పై పళ్ళను ముందుకు తోస్తారు. పన్ను తీయాల్సి వస్తే కామఫ్లాజ్‌కు తీసేది సాధారణంగా కింది ప్రీమోలార్లు (కోరపన్ను వెనకుండే చిన్న దంతాలు), ఆపరేషన్‌కు పైవి. పీకిన పన్ను తిరిగి రాదు కాబట్టి "ముందు క్లిప్పులు వేద్దాం, తర్వాత చూద్దాం" అన్న మాటకు నేను ఒప్పుకోలేదు.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. దవడను వదులుగా వెనక్కి జార్చినప్పుడు ముందు పళ్ళు కొనకు కొన తగులుతాయా అని చూస్తారు. తగిలితే, ఎదురుకాటులో కొంత భాగం పళ్ళు అడ్డుపడి దవడ ముందుకు జారడం వల్లేనని అర్థం. అది క్లిప్పులకు లొంగుతుంది. నాకు తగిలాయి.

తర్వాత సెఫలోగ్రామ్, అంటే పక్కనుంచి తీసే తల ఎక్స్‌రే. పై, కింది దవడల తేడాను చెప్పే ఏఎన్‌బీ కోణం మామూలుగా 2 డిగ్రీల దగ్గర ఉంటుంది. క్లాస్ త్రీలో అది సున్నా దాటి మైనస్‌లోకి పోతుంది. అయితే నా లెక్కలో అంతకన్నా ముఖ్యం కింది ముందు పళ్ళ వాలు. కింది దవడ అడుగు గీతతో కొలిస్తే మామూలుగా అది 90 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 80కి దగ్గరపడిందంటే పళ్ళు తమంతట తామే వెనక్కి వాలి సర్దుకున్నాయని, ఇంకా వాల్చడానికి పెద్దగా మిగల్లేదని అర్థం. బలవంతంగా వాలిస్తే వేరు పలచని ఎముకను దాటుతుంది, చిగురు కిందికి జారుతుంది. పళ్ళ ముందు ఎముక మందం తెలియాలంటే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయాలి.

నాకు కుదిరింది ప్రీమోలార్లు తీయకుండా కింది వరస మొత్తాన్ని వెనక్కి లాగే పద్ధతి. జ్ఞానదంతాలు తీయించి, లాగడానికి ఆసరాగా వెనక దంతాలకు బయటివైపు కింది దవడ ఎముకలో 2 మి.మీ. మందం, 12 మి.మీ. పొడవున్న స్టీలు స్క్రూలు వేశారు. దీనితో వచ్చేది మూడు నాలుగు మిల్లీమీటర్లే, వెనక దంతాల వేర్లు లోపలి గట్టి ఎముకకు తగలగానే కదలిక ఆగిపోతుంది. స్క్రూ తల చుట్టూ బ్రష్ చేయకపోతే చిగురు వాచి తలను కప్పేస్తుంది, స్క్రూ వదులవుతుంది. స్క్రూలు లేకుండా పై వెనక దంతం నుంచి కింది కోరపన్నుకు రబ్బర్లు వేసే పద్ధతీ ఉంది, కానీ అవి పై వెనక దంతాలను కిందికి లాగుతాయి. ముఖం పొడుగ్గా ఉండి, నోరు మూసినా పై, కింది ముందు పళ్ళ మధ్య ఖాళీ ఉండేవాళ్ళకు అది చేటు.

నాలుకను అంగిలికి అదిమితే దవడ మారుతుందనే వీడియోలను నమ్మకండి, ఎదిగిన ఎముక అలా కదలదు. పై దవడ ఎముకనే ముందుకు లాగే, ముఖానికి బయట తగిలించే ఫేస్‌మాస్క్ బాగా పనిచేసేది పదేళ్ళలోపు పిల్లలకు, అదీ రోజుకు 12 గంటలకు తగ్గకుండా పెట్టుకుంటే. పదహారు, పదిహేడేళ్ళ అబ్బాయిలకు కామఫ్లాజ్ తొందర పనికిరాదు. దవడ ఇంకా పెరగవచ్చు. ఏడాది తేడాతో రెండు సెఫలోగ్రామ్‌లు ఒకదానిమీద ఒకటి పెట్టి, పెరుగుదల ఆగిందని తేలాకే మొదలుపెట్టాలి.

గడ్డం పక్కకు తిరిగినా, నిద్రలో ఊపిరి ఆగుతున్నా నేనైతే క్లిప్పులతో సరిపెట్టుకోను. ముఖం మారాలన్నదే కోరికైతే కామఫ్లాజ్‌తో తీరదు. కాటు కుదురుతుంది, గడ్డం ఉన్నచోటే ఉంటుంది. కింది పళ్ళు వెనక్కి వాలితే పెదవి కూడా కాస్త లోపలికి పోయి, గడ్డం మునుపటికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. ఒప్పుకునే ముందు, చికిత్స తర్వాత పక్కనుంచి ముఖం ఎలా ఉంటుందో సెఫలోగ్రామ్ మీద గీయించి చూడండి.