కుల్ఫీ కోసం అయిదు స్టార్లు

మా మేనత్త వాళ్లది మహారాష్ట్రలోని భీవండి. మామయ్య పెళ్లయిన కొత్తలో మగ్గాల పనికని ఇక్కణ్నుంచి పోయి అక్కడే ఉండిపోయాడు. మా నల్లగొండ జిల్లాలో పద్మశాలీల ఇళ్లలో అడగండి, చాలామందికి భీవండిలోనో షోలాపూర్‌లోనో ఒక చుట్టం ఉంటారు. దసరా సెలవులకు అత్తయ్య వాళ్లు పదకొండు మంది వచ్చారు. ఒకరోజు అందరం నాగార్జున సాగర్ పోయాం. డ్యామ్ చూసి, బుద్ధవనం తిరిగి బయల్దేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. మిర్యాలగూడ దాకా ఓపిక పడితే ఇంట్లోనే తినొచ్చని నేనన్నాను. పిల్లలు ఆగేలా లేరు. వదిన వాళ్లాయన ఫోన్‌లో మ్యాప్ తీసి, "చెల్లెమ్మా, దారిలోనే ఒకటుంది. 4.8 రేటింగ్, ఆరువందల మందికి పైగా రాశారు" అన్నాడు. నేనూ సరే అన్నాను.

కూర్చున్నామో లేదో, టేబుల్ మీద అట్టముక్క కనిపించింది. దాని మీద స్కాన్ చేసే చదరపు బొమ్మ, కింద ఎర్ర అక్షరాలతో "5 స్టార్లు ఇవ్వండి, కుల్ఫీ ఉచితం". వదిన కొడుక్కి తొమ్మిదేళ్లు. అమ్మ ఫోన్ లాక్కొని స్కాన్ చేశాడు. మాకింకా మంచినీళ్ల గ్లాసులు కూడా పెట్టలేదు. వాడు అయిదు స్టార్లు నొక్కి, పక్కన నిలబడ్డ సర్వర్‌ని "ఏం రాయాలి అన్నా?" అని అడిగాడు. "సూపర్ అని కొట్టు, చాలు." ఆ అబ్బాయి వంగి, స్క్రీన్ మీద వచ్చిందో లేదో చూసుకొని లోపలికి పోయాడు. కుల్ఫీ వచ్చింది. పుల్లకు గుచ్చిన పసుప్పచ్చ కుల్ఫీ, మీద రెండు పిస్తా పలుకులు. అది సగం అయ్యాక బిర్యానీ వచ్చింది.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను, పదహారేళ్లయింది. అన్నం మీద చెయ్యి పెడితే నాకు కొంత తెలుస్తుంది. పైన పొగలు కక్కుతోంది, వేళ్లు కిందికి పోనిస్తే నడుమ చల్లగా ఉంది. మెతుకు అంచు గట్టిపడి, మధ్యలో చిట్లింది. ఎప్పటిదో అన్నానికి మళ్లీ వేడి చూపించారు. కోడిముక్క దగ్గరికి తీసుకుంటేనే వాసన. అత్తయ్య ప్లేటు పక్కకు జరిపి, "నాకు పెరుగన్నం చాలు బిడ్డా" అంది. పెద్దవాళ్లం మొహమాటానికి కెలికి వదిలేశాం. పిల్లలు ఆకలి మీద ఉన్నారు కదా, తిన్నారు. బిల్లు 4,260 రూపాయలు.

రాత్రి రెండింటికి ఇద్దరు పిల్లలకు వాంతులు మొదలయ్యాయి. తెల్లారేదాకా ఓఆర్ఎస్ కలిపి చెంచాతో తాగిస్తూ కూర్చున్నాం. పొద్దుటికి తేరుకున్నారు, అదొక్కటే అదృష్టం.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ హోటల్ రివ్యూలన్నీ చదివాను. మొదట కనిపించేవన్నీ "సూపర్", "గుడ్ ఫుడ్ గుడ్ సర్వీస్", "మస్ట్ విజిట్". ఏం తిన్నారో ఒక్కరూ రాయలేదు. చాలామంది జన్మలో రాసిన రివ్యూ అదొక్కటే. కొత్తవి ముందు వచ్చేలా మార్చుకొని కిందికి పోతే అప్పుడు దొరికాయి: "చికెన్ పాతది", "ఫ్యామిలీతో పోవద్దు", "కుల్ఫీ ఇచ్చి స్టార్లు అడుగుతున్నారు". ఇది మూడు నెలల కిందే రాశారు ఎవరో. ఆ ఒక్క మనిషి మాట ఆరువందల కుల్ఫీల కింద పడిపోయింది.

మా మిల్లుకు కోతల కాలంలో ట్రాక్టర్ల మీద పచ్చి వడ్లు వస్తాయి. ట్రాలీలో పైనున్న వడ్లు దారి పొడవునా ఎండకూ గాలికీ ఆరిపోయి ఉంటాయి. వాటిని చూసి ఎవరూ ధర చెప్పరు. మావాడు చెయ్యి మోచేతి దాకా కుప్పలోకి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, అరచేతుల్లో నలిపి, ఒక గింజ పంటి కింద పెడతాడు. తర్వాతే తేమ మిషన్. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం మించి తేమ ఉండకూడదు. ఆ సంఖ్య సరిగ్గా రావాలంటే గింజలు ఎక్కడి నుంచి తీశారన్నదే ముఖ్యం. (తేమ పేరుతో రైతుకు జరిగే కోతల గురించి నాకు చాలా చెప్పాలని ఉంది, అది ఇంకో పోస్టులో.) పదహారేళ్లు ఈ పని కళ్లారా చూస్తూ కూడా ఫోన్‌లో 4.8 కనబడగానే పైపై గింజ చూసి బేరం ఒప్పుకున్నాను. పిల్లల ముఖాలు చూసినప్పుడల్లా నా మీద నాకే కోపం వచ్చింది.

డిగ్రీ చదివే మా తమ్ముడి కూతురికి ఇదంతా చెప్తే లండన్ సంగతి చెప్పింది. 2017లో ఊబా బట్లర్ అనే ఆయన తన పెరట్లోని షెడ్డుకు హోటల్ అని పేరు పెట్టి, తెలిసినవాళ్లతో రివ్యూలు రాయించి, ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైటులో మొత్తం లండన్‌కే నంబర్ 1 చేశాడట. అప్పటికి అక్కడ వంటే లేదు, తిన్నవాళ్లే లేరు. మా పిల్లవాడు కూడా తినకముందే రాశాడు. రెంటికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

ఇదంతా ఎందుకు చేస్తారంటే అందులో డబ్బుంది. హార్వర్డ్‌లో పనిచేసిన మైకేల్ లూకా 2011లో సియాటిల్ హోటళ్ల ఆదాయాన్నీ యెల్ప్ అనే రివ్యూల సైటులో వాటి రేటింగులనూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. పేరున్న చైన్ హోటళ్లకు ఆ తేడా లేదు, సొంతంగా నడుపుకునే హోటళ్లకే. అంటే స్టార్లతో బాగుపడేదీ, దెబ్బతినేదీ చిన్నవాళ్లే. ఇది చదివాక నాకు మా మెస్ అక్క గుర్తొచ్చింది.

మా మిల్లు దగ్గర ఆమె మెస్ ఉంది. అన్నం, పప్పు, ఒక కూర, పచ్చిపులుసు, సల్ల. 80 రూపాయలు. బుధవారం, ఆదివారం కోడికూర. హమాలీలు, లారీ డ్రైవర్లు, మాలాంటి గుమాస్తాలు రోజూ అక్కడే తింటాం. ఏడాది నిలవ ఉన్న పాత బియ్యం తప్ప ఆమె కొనదు, కొత్త బియ్యం తక్కువకిస్తామన్నా వద్దంటుంది. ఆ మెస్ రేటింగ్ ఎంతో తెలుసా? 3.2. రాసింది పదిహేడు మంది. రోజూ తినే మాలో ఒక్కరం కూడా లేము. కడుపు నిండా తిని, చెయ్యి కడుక్కొని, పనికి పోయేవాడికి ఫోన్ తీసి రాయాలని ఎందుకు తోస్తుంది? కోపం వచ్చినవాడికే తోస్తుంది.

ఒకరు స్పూన్ ఇవ్వలేదని ఒక్క స్టార్ ఇచ్చారు. ఇంకొకరు "ఫోటోలు టైముకు ఇయ్యలేదు" అని. ఆ మడిగెలో అంతకుముందు ఫోటో స్టూడియో ఉండేది, దాని మీది కోపం ఈమె లెక్కలో పడింది. అది చదివి నాకు నిజంగా కడుపు మండింది. మూడో ఆయన "మూడింటికి పోతే అన్నం అయిపోయిందన్నారు" అని రాశాడు. అక్కకు చదివి వినిపిస్తే మొదటి రెండింటికీ ఏమీ అనలేదు. దీనికి మాత్రం, "నిజమే గద బిడ్డా, మూడింటికి ఏముంటది? పొద్దటిది పొద్దటికే. రాత్రికి మళ్ల వండుడే" అంది.

ఆ ఒక్క స్టార్ రివ్యూ కన్నా మంచి సర్టిఫికెట్ ఆ మెస్‌కు ఇంకోటి లేదని నాకనిపించింది. సాగర్ దారిలో మేం తిన్నచోట అన్నం అయిపోవడమనేదే ఉండదు.

అయితే రివ్యూలు చదవడం మానలేదు. తెలియని ఊరికి పోతే ఇంకేం చేస్తాం? నవంబర్‌లో మా తమ్ముడి కూతుర్ని తీసుకొని పాలమూరు యూనివర్సిటీకి పోవాల్సి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో నాకు ఎవరూ తెలియదు. ఈసారి స్టార్లు చూడలేదు, మనుషులు రాసిన మాటలు చూశాను. ఒకాయన ఇలా రాశాడు: "జొన్నరొట్టెలు రాత్రి ఎనిమిదిన్నర దాకే. తలకాయ కూర ఆదివారమే. మిగతా రోజుల్లో చికెన్ మామూలుగా ఉంటుంది, పప్పు తీసుకోండి." పోయి చూస్తే అక్షరం పొల్లు పోలేదు. రొట్టె చేసే ఆమె మా కళ్ల ముందే పిండి చరుస్తోంది, పెనం మీద తడిగుడ్డ అద్దుతోంది. మేం పోయింది గురువారం. చికెన్ జోలికి పోలేదు. తప్పయితే దొరికిపోయే మాట రాయడానికి మనిషి అక్కడ తిని ఉండాలి. "సూపర్" అనడానికి ఏమీ అక్కర్లేదు.

మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకొక ప్రమాణం ఉంది. 2022 నవంబర్‌లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 పేరుతో తెచ్చింది. రివ్యూ రాసేది ఎవరో సరిచూడాలి, డబ్బిచ్చి రాయించుకున్నవి ప్రచురించకూడదు అంటుంది. కానీ దాన్ని ఇష్టమైతే పాటించవచ్చు అన్నట్టే తెచ్చారు. ఇంకోటి మాత్రం ఇష్టంతో పనిలేనిది: 2022 జనవరి నుంచి హోటల్ బిల్లు మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు ఉండాలి. సాగర్ దారి బిల్లు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, తీసి చూశాను. నంబరు లేదు. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో బిల్లు ఫోటో పెట్టి ఫిర్యాదు చేశాను.

మెస్ గురించి కూడా రాశాను, నా జీవితంలో మొదటి రివ్యూ. పన్నెండున్నర నుంచి రెండింటిలోపు పోవాలని, అన్నం పాత బియ్యానిదని, పచ్చిపులుసులో కారం ఎక్కువని, చేతులు కడిగే చోట నీళ్లు నిలుస్తాయని. ఆమె మా మిల్లు బియ్యమే కొంటుందన్న సంగతి కూడా రాశాను. నాలుగు స్టార్లు ఇచ్చాను. అయిదోది ఎందుకివ్వలేదని అక్క అడగలేదు. నాలుగు రోజులకు చేతులు కడిగే చోట బండ వేయించింది.

తర్వాత భీవండికి ఫోన్ చేశాను. మేనల్లుణ్ని పిలవమని, ఆ రోజు రాసినదాన్ని మార్చొచ్చని చెప్పాను. కాసేపు వాడేం మాట్లాడలేదు. "కుల్ఫీ అయితే తినేసిన కదా అత్తా" అన్నాడు.

"తిన్నదే రాయి నాన్నా."

వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. వాడు చెప్తుంటే వదిన టైపు చేసింది. రెండు స్టార్లు. "కుల్ఫీ బాగుంది. బిర్యానీ లోపల చల్లగా ఉంది. రాత్రి నాకు, చెల్లికి వాంతులయినయ్. కుల్ఫీ ముందే ఇచ్చారు, అందుకే అప్పుడు అయిదు ఇచ్చిన."