భారతం మిట్ట

చిత్తూరు జిల్లా చరిత్ర అనగానే అందరం చంద్రగిరి కోట దగ్గర మొదలుపెడతాం, గుడిమల్లం లింగం దాకా పోతాం. పోవాల్సిందే. కానీ పోయిన ఎండాకాలం అమ్మమ్మ వాళ్ళ ఊరి భారతం, అంటే ద్రౌపదమ్మ గుడి దగ్గర మహాభారత కథ ఆడే ఉత్సవం చూశాక, మా జిల్లా గురించి పిల్లలకి ముందు చూపించాల్సింది అది జరిగే మెరక నేల, భారతం మిట్టేనని నాకు గట్టిగా అనిపించింది.

పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. నేను తిరుపతి నుంచి రోజూ పోలేక ఆఖరి రోజు దుర్యోధన వధకి పిల్లల్ని తీసుకుని పోయాను. ద్రౌపదమ్మ గుడి ముందర బంకమట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, ఇంత లావు మీసాలు, తెరుచుకున్న గుడ్లు, తొడ లోపల ఎర్రనీళ్ళ కుండ. భీముడు, దుర్యోధనుడు వేషాలు కట్టినవాళ్ళు ఆ మట్టి ఒంటి మీదే ఎక్కి దిగుతూ ఒకర్నొకరు తరుముకుంటుంటే జనం కూడా వాళ్ళతోపాటు అటూ ఇటూ పరుగులు. గద తొడ మీద పడింది, ఎరుపు చిమ్మింది, ద్రౌపది ఆ ఎరుపు తలకి రాసుకుని జుట్టు ముడేసుకుంది. మా చిన్నది నా చెయ్యి వదల్లేదు. అమ్మమ్మ మాత్రం తాపీగా పోయి పిడికెడు మట్టి కొంగున కట్టుకుంది, వడ్లలో వేస్తే గింజకి కొదవుండదంట.

ఇదే భారతం ఆర్కాటు వైపు అరవ పల్లెల్లోనూ ఉంది, అక్కడా ద్రౌపదమ్మే, అక్కడా మట్టి దుర్యోధనుడే. వింతేం లేదు, 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా పుట్టిందే ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు కలిపి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు మనకొచ్చింది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఆఫీసు కాగితాల్లో గీతలు ఎన్నిసార్లు మారినా మిట్ట మీద కథ అదే.

నాకు బెంగంతా నాటకం గురించే. తెల్లవార్లూ పద్యం పాడేవాళ్ళలో నేను చూసినవాళ్ళంతా యాభై దాటినవాళ్ళే. మీ ఊళ్ళో భారతం జరిగితే వధ ఒక్కటే వీడియో తీసి వచ్చేయకండి, ఒక రాత్రి కూర్చుని నాటకం మొత్తం రికార్డు చేయండి, పాడినవాళ్ళ పేర్లు, ఊళ్ళు రాసిపెట్టుకోండి. ఈసారి నేను అర్జునుడి తపస్సు నాడే పోతున్నాను. తపస్సు కోసం నిలబెట్టిన పొడవాటి మాను ఎక్కుతూ అర్జునుడి వేషం కట్టినవాడు పాడే పద్యాలన్నీ ఒక్కటి వదలకుండా తీయాలి.